గాదె నింపాలా, సంతకు వెళ్లాలా?

గాదె: 50 తీసుకుందాం. ఐదు సర్వర్లు, సర్వర్‌కు పది బేలు. ఒక్కటి కూడా ఖాళీ వదలకుండా 3.84 టీబీ ఎస్ఎస్‌డీలతో ఇప్పుడే నింపేద్దాం. ఐదేళ్లపాటు ఈ ఆస్పత్రిలో స్టోరేజి అన్న మాట మళ్లీ వినపడకూడదు.

సంత: 30 చాలన్నా. సర్వర్‌కు ఆరు. మిగిలిన నాలుగేసి బేలూ అలాగే ఉండనిద్దాం. అవసరం పడ్డప్పుడు సర్వర్‌కు ఒకటి చొప్పున ఐదు కొని దోపుదాం. మీది ఏడాది గింజలు ఒక్కసారే గాదెలో పోయించే ఇంటి పద్ధతి. నేను వారం వారం సంతకు వెళ్లే మనిషిని.

గాదె: సంతకు వెళ్లేవాడికి సంత జరుగుతుందన్న నమ్మకం ఉండాలి. వాన పడి సంత సాగకపోతే ఏంటన్నది తర్వాత మాట్లాడుకుందాం. నేను 50 అనడానికి కారణం ముందు విను. మన దగ్గర 70 వర్చువల్ మెషీన్లు, అదే వీఎంలు, ఉన్నాయి. అన్నిటికీ కలిపి మనం రాసిచ్చిన డిస్కు 42 టీబీ. రాసిచ్చామంటే మాటిచ్చినట్టే. రేడియాలజీ సర్వర్ తెరిస్తే నీకు 20 టీబీ ఉందని చూపిస్తుంది. వాళ్లు దాన్ని నమ్మి స్కాన్లు దాచుకుంటున్నారు. ఆ అంకె అబద్ధం కాకూడదు.

సంత: రాసిచ్చింది 42, నిజంగా నిండింది 16. థిన్ ప్రొవిజనింగ్ ఉన్నది ఇందుకే కదా. పెళ్లికి విస్తళ్లు చెప్పేటప్పుడు వెయ్యి అంటారు, లేచేవి ఆరువందలు. ల్యాబ్ వాళ్లని అడిగితే 500 జీబీ కావాలన్నారు, వాళ్ల డేటాబేస్ 80 దాటలేదు. ఎందుకంత అడిగారంటే, తర్వాత అడిగితే మీరు ఇవ్వరేమోనని. మన భయాన్ని చూసి వాళ్లు భయపడి ఎక్కువ అడుగుతున్నారు, ఆ ఎక్కువను నిజమనుకుని మనం డిస్కులు కొంటున్నాం. ఈ 42లో సగం డేటా కాదన్నా, జంకు.

గాదె: ఆ మాట కొంత ఒప్పుకుంటా. కానీ నీ 30 డిస్కుల్లో చేతికి వచ్చేదెంతో కూడా లెక్క వెయ్యి. 30 గుణించు 3.84, ముడి లెక్క 115.2 టీబీ. మన స్టోరేజి సాఫ్ట్‌వేర్ సెఫ్ ప్రతి ముక్కనీ మూడు వేర్వేరు సర్వర్లలో ఉంచుతుంది కాబట్టి మూడో వంతు, 38.4. ఐదింట్లో ఒక సర్వర్ పోయినా డేటా మిగతా నాలుగింట్లో పట్టాలి, అంటే 30.7. ఆ నాలుగూ కూడా 85 శాతం దాటి నిండకూడదు, 26.1. క్వింటా వడ్లు మరపట్టిస్తే 67 కిలోల పచ్చిబియ్యం ఇవ్వాలని ప్రభుత్వం మిల్లర్లకు లెక్క పెట్టింది. నీ మిల్లులో క్వింటాకు 23 కిలోలు కూడా రావట్లేదు. ఇదే లెక్క 50 డిస్కులకు వేస్తే 43.5 టీబీ వస్తుంది. ఇచ్చిన మాట 42. సరిపోయింది. నేను ఆ 50 గాల్లోంచి తీయలేదు.

సంత: లెక్కలో తప్పు లేదు. ఎండీ గారికి చెప్పేటప్పుడు ఇంకో తరుగు కూడా కలపండి. ఆయన ఇన్వాయిస్‌లో 3.84 చూస్తారు, తెర మీద 3.49 కనపడుతుంది. డిస్కులు అమ్మేవాళ్లు వెయ్యి గుణించు వెయ్యి లెక్కన కొలుస్తారు, కంప్యూటర్ 1024 లెక్కన కొలుస్తుంది. రెండు కొలతలకు వేర్వేరు పేర్లుండాలని 1998లోనే అంతర్జాతీయ ప్రమాణాల సంఘం తేల్చినా టీబీ, టిబ్ అని విడదీసి పలికే ఓపిక ఎవరికీ లేదు. కిందటిసారి పది టీబీ ఎక్కడికి పోయిందని మనల్ని దొంగల్ని చూసినట్టు చూశారు.

గాదె: నన్ను చూశారు. నువ్వు అప్పటికి చేరలేదు.

సంత: సరే, మీ 26.1 దగ్గరే ఉందాం. వాడకం 16. నెలకు అర టీబీ పెరుగుతోంది. ఇంకా పది ఖాళీ, అంటే 20 నెలలు. ఇరవై నెలల తర్వాత అవసరమయ్యే డిస్కుని ఈ రోజు కొని, కరెంటు పెట్టి, ఏసీ పెట్టి కాపలా కాయడం దేనికి? కంపెనీల చట్టం సర్వర్ ఆయుష్షు ఆరేళ్లని రాసింది. వారంటీ గడియారం మనం కొన్న రోజు నుంచే తిరుగుతుంది. ఖాళీ డిస్కు కూడా ముసలిదవుతుంది.

గాదె: 20 నెలలు అన్నావు చూడు, అక్కడే నాకు భయం. సెఫ్ తనంతట తాను హెచ్చరించేది 85 శాతం దగ్గర. 38.4లో 85 శాతమంటే 32.6 టీబీ. ఆ పసుపు దీపం వెలిగిన రోజున ఒక సర్వర్ పోతే? మిగిలిన నాలుగింట్లో పట్టేది 30.7. పట్టదు. దీపం వెలిగేటప్పటికే మన ప్రాణం దాని చేతిలోంచి జారిపోయి ఉంటుంది. ఐదు సర్వర్లున్న చోట అసలు గీత 85 కాదు, 68. ఒక సర్వర్ తీసేస్తే 68 కాస్తా 85 అవుతుంది. ఈ 68 ఏ తెర మీదా కనపడదు, మనమే గోడ మీద రాసుకోవాలి. నూరు సర్వర్లున్న వాళ్లకు ఈ బాధ లేదు, ఒకటి పోతే వాళ్లకు పోయేది నూటికి ఒకటి. మనకు పోయేది ఐదింట ఒకటి. చిన్న క్లస్టర్‌కే ఖాళీ ఎక్కువ కావాలి. పేదవాడి ఇంట్లోనే గాదె పెద్దదిగా ఉండాలన్నట్టు.

సంత: ఇది మంచి మాట. 85ని నమ్ముకోకూడదు, ఒప్పుకున్నా. కానీ 68 దాటగానే కొంప మునగదు. ఒక సర్వర్ పడిందనుకోండి. సెఫ్ పది నిమిషాలు ఎదురుచూసి, అది రాదని తేల్చుకుని, పోయిన మూడో ప్రతిని మిగతా చోట్ల మళ్లీ రాయడం మొదలెడుతుంది. మనం 75 శాతంలో ఉంటే మధ్యలో డిస్కులు 90కి చేరి ఆ రాత ఆగిపోతుంది. ఆగిపోతే ఏమైంది? రెండు ప్రతులు ఉన్నాయి. వీఎంలు నడుస్తున్నాయి. ఓపీలో చీటీలు వస్తూనే ఉన్నాయి. పోయిన సర్వర్‌లో కాలింది పవర్ సప్లయో మదర్‌బోర్డో అయి ఉంటుంది, డేటా దాని డిస్కుల్లో భద్రంగానే ఉంది. మర్నాడు ఇంజినీర్ వచ్చి మార్చాక అది లేచి, మధ్యలో మారిన ముక్కల్ని మాత్రం తెచ్చుకుంటుంది. గాయం తనంతట తాను మానకపోవడం వేరు, మనిషి పోవడం వేరు.

గాదె: ఆ మర్నాడు వచ్చే దాకా మధ్యలో ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి ఇంకో సర్వర్‌లో ఒక్క డిస్కు పోయినా చాలు. కొన్ని ముక్కలకు ఒక్క ప్రతే మిగులుతుంది. ఒక్క ప్రతి మీద రాయనివ్వకూడదని సెఫ్‌కు మనమే చెప్పి ఉంచాం, ఆ నియమం మంచిదే. కాబట్టి ఆ ముక్కలు ఏ వీఎంలలో ఉంటే అవి నిలబడిపోతాయి. ముక్కలు అన్ని వీఎంలకూ చెదిరి ఉంటాయి. అంటే దాదాపు అన్నీ. ఇంకోటి. సగటు 75 అన్నావు. సెఫ్ సగటును చూసి ఆగదు, అన్నిటికన్నా నిండుగా ఉన్న డిస్కును చూసి ఆగుతుంది. 30 డిస్కుల్లో ఒక్కటి 95కి చేరితే చాలు, మిగతావన్నీ ఖాళీగా ఉన్నా రాతలు బంద్. డేటా అన్ని డిస్కుల్లో సమంగా పడదు. అలుగు చెరువంతటా పారదు, కట్ట ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడ తెగుతుంది.

సంత: మీరు చెరువు ఎత్తారు కాబట్టి నేను పూడిక ఎత్తుతా. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు పేపర్లో రోజూ వేసే పూర్తి నిల్వ 215. పూర్తి స్థాయి నీటిమట్టం అదే 885 అడుగులు. తగ్గింది నీళ్లు పట్టే జాగా, అడుగున చేరింది ఒండ్రు. మన 16 టీబీలో ఒండ్రు ఎంతో ఎవరైనా కొలిచారా? పోయిన వారం నేను చూశా. టెస్ట్ సర్వర్లని పెట్టి మరిచిపోయినవి తొమ్మిది వీఎంలు. పాత హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ తీసేశాం, దాని డిస్కులు అలాగే ఉన్నాయి. అప్‌డేట్ ముందు తీసిన స్నాప్‌షాట్లు ఏడు, అన్నిటికన్నా పాతది పద్నాలుగు నెలలది. స్నాప్‌షాట్ ఉన్నంతకాలం కింద మారిన ప్రతి ముక్కకీ పాత ప్రతి దాచుతూనే ఉంటుంది. ఇవన్నీ తోడితే ఎంత తగ్గుతుందో చూశాక డిస్కుల మాట మాట్లాడదాం. ఖాళీ గాదె ఉన్న ఇంట్లో పాత సామాను పారేయరు.

గాదె: పూడిక తియ్యొద్దని నేననలేదు. తీస్తూనే ఉన్నా. నీకు తెలియని సంగతి ఒకటి చెప్తా. రేడియాలజీ వాళ్లు ఒకసారి రెండు టీబీల డూప్లికేట్ స్కాన్లు చెరిపేసి, ఇక మీకు రెండు టీబీ మిగిలింది పండగ చేసుకోండన్నారు. క్లస్టర్‌లో చూస్తే గింజ కూడా తగ్గలేదు. వీఎం లోపల ఫైలు చెరిపితే దాని పట్టికలో పేరు మాత్రమే పోతుంది, ఆ ముక్కలు ఖాళీ అయ్యాయని కింద ఉన్న సెఫ్‌కు ఎవరూ చెప్పరు. వర్చువల్ డిస్కుకు డిస్కార్డ్ ఆన్ చేసి ఉండాలి, లోపల ట్రిమ్ నడవాలి, అప్పుడు గానీ జాగా వెనక్కి రాదు. పాత వీఎంలు సగానికి అది లేదు. అందుకే నీ థిన్ డిస్కు సన్నగా మొదలై లావెక్కడమే గానీ చిక్కడం ఎరగదు. ఏడాదికో రెండేళ్లకో అన్నీ వాటి పూర్తి కొలతకు చేరతాయి. అప్పుడు నా 42 నిజమవుతుంది.

సంత: ట్రిమ్ పెట్టని తప్పుకి 20 డిస్కుల జరిమానా వేస్తారా? వారానికోసారి ఆ కమాండ్ నడిపేలా అన్ని వీఎంలలో పెడితే పోయేది రెండు రోజుల పని.

గాదె: 70 వీఎంలలో ఇరవై మనవి కావు తమ్ముడూ, వెండార్లవి. వాటి పాస్‌వర్డ్ మన దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో వాళ్లకే తెలియదు.

సంత: అదీ నిజమే. అయితే ఇంకో దారి. మన 16లో పది టీబీ స్కాన్ బొమ్మలే. అవి ముందే కుదించినవి, వాటిని మళ్లీ కుదిస్తే వచ్చేదేమీ లేదు, ఆ ఆశ నాకూ లేదు. కానీ ఒక సీటీ స్కాన్‌ను ఒకసారి రాస్తారు, రెండు మూడు రోజులు చూస్తారు, ఆ తర్వాత రోగి మళ్లీ వస్తే తప్ప తెరవరు. దానికి మూడు పూర్తి ప్రతులు దేనికి? ఎరేజర్ కోడింగ్ పెడదాం. బొమ్మను రెండు ముక్కలు చేసి, ఇంకో రెండు సరిచూపు ముక్కలు కలిపి, నాలుగు సర్వర్లలో పెట్టడం. ఏ రెండు పోయినా తిరిగి కట్టుకోవచ్చు. పది టీబీకి ఇప్పుడు 30 టీబీ ముడి జాగా తింటోంది, అప్పుడు 20 తింటుంది. ఒక్క డిస్కు కొనకుండా పది టీబీ ముడి జాగా మిగిలింది.

గాదె: పుస్తకాల్లో నాలుగు ముక్కలు, రెండు సరిచూపులు అని ఉంటుంది కదా, అది ఇంకా పొదుపు.

సంత: దానికి కనీసం ఆరు సర్వర్లు కావాలి. మూడు రెళ్లు పెడితే ఐదింటికి సరిగ్గా సరిపోతుంది గానీ, ఒకటి పోయినప్పుడు పోయిన ముక్కను మళ్లీ రాసుకోవడానికి ఆరోది ఉండదు. రెండు రెళ్లయితే నాలుగు చాలు, ఐదోది గాయం మానడానికి. మీ 68 శాతం పాఠం నాకు వంటబట్టింది చూశారా.

గాదె: బొమ్మల వరకు నాకు అభ్యంతరం లేదు. డేటాబేస్ జోలికి మాత్రం రాకు. దానిలో ప్రతి చిన్న మార్పుకీ పాత ముక్కలు చదివి, కూడి, మళ్లీ నాలుగు చోట్ల రాయాలి, బిల్లింగ్ కౌంటర్ దగ్గర క్యూ మెట్ల దాకా వస్తుంది. సరే, బొమ్మల పద్దులో నువ్వు గెలిచావు. ఇక నా పద్దు. నెలకు అర టీబీ అని గీత గీశావు. గీత మీద నడిచే డేటా నాకెప్పుడూ తగల్లేదు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లు 2022 ఏప్రిల్ 28న ఆదేశం ఇచ్చారు, లాగ్‌లన్నీ 180 రోజులు దేశంలోనే ఉంచాలని. అది మనం పూర్తిగా అమలు చేయడం మొదలెట్టిన నెల నీ గీత ఎటు పోయింది?

సంత: పైకి పోయింది. కానీ ఆరు నెలల తర్వాత చదునైపోయింది కదా? 181వ రోజున మొదటి రోజుది పోతుంది. లాగ్‌లను బాగా కుదించవచ్చు కూడా. ఆ ఆరు నెలల పెరుగుదల చూసి ఎవరైనా ఐదేళ్లకు గీత పొడిగించి ఉంటే వంద డిస్కులు కొనేవారు. నేను చెప్పేది అదేనన్నా, మనకు ఐదేళ్ల ముందు కనపడదు. కనపడనిదానికి డబ్బు కట్టడం కన్నా, కనపడ్డాక కొనడం మేలు.

గాదె: కనపడనిది రెండు రకాలు. నెమ్మదిగా వచ్చేది, ఒక్క రాత్రిలో వచ్చేది. నెమ్మదిగా వచ్చేదానికి నీ సంత చాలు. ఒక్క రాత్రిలో వచ్చేదాని గురించి చెప్తా. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, రోజుల తరబడి కాగితం కలంతో ఓపీ నడిపారు. అలాంటిది మన మీద పడిందనుకో. ర్యాన్సమ్‌వేర్ ఏం చేస్తుంది? ఉన్న ప్రతి ఫైలునీ చదివి, తాళం వేసి, తిరిగి రాస్తుంది. మనం రోజూ తీసే స్నాప్‌షాట్ పాత ముక్కల్ని వదలదు, అది మన అదృష్టం. కానీ జాగా? 16 టీబీ మొత్తం తిరగరాస్తే పాతా కొత్తా కలిసి 32. ఈ రోజు జరిగితే నీ 38.4లో ఇరుక్కుని పడుతుంది. ఏడాది ఆగితే 22 టీబీ అవుతుంది, రెట్టింపు 44. పట్టదు. క్లస్టర్ నిండి, అన్ని రాతలూ ఆగిపోతాయి, ఏ స్నాప్‌షాట్ మనల్ని కాపాడాలో దాన్నే చెరిపితే గానీ ఊపిరాడదు. నా 64లో 44 అంటే 69 శాతం. ఆ రాత్రి నేను కూర్చుని తీరిగ్గా వెనక్కి తిప్పుకుంటా. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, కర్నూలు మునిగింది. ఖాళీ ఉన్న డ్యామ్ విలువ ఆ రెండు రోజుల్లో తెలుస్తుంది, మిగతా ఏడాదంతా అది దండగలాగే కనపడుతుంది.

సంత: వరద కోసమని డ్యామ్‌ను ఖాళీగా ఉంచి, ఆ ఏడు వరద రాకపోతే ఆయకట్టు రైతుకు ఏం చెప్తారు? ప్రతి ఆగస్టులో ఇంజినీర్లు ఆ తగువే పడతారు. దాన్ని పక్కన పెట్టినా, మీ వాదన బలంగా ఉంది, నాకు వెంటనే జవాబు తోచలేదు. ఒక్కటి మాత్రం అడుగుతా. సర్వర్ల అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికినవాడు స్నాప్‌షాట్లని వదిలేస్తాడా? ముందు వాటినే చెరుపుతాడు. ఆ రాత్రి మనల్ని కాపాడేది ఖాళీ జాగా కాదు, వాడి చెయ్యి అందని ఇంకో చోట ఉన్న ప్రతి. ఇవాళ మన బ్యాకప్ ఎక్కడుంది? ఇదే గదిలో, ఇదే నెట్‌వర్క్‌లో, ఇదే పాస్‌వర్డ్‌తో. మీ అదనపు 20 ఎస్ఎస్‌డీల డబ్బుతో వెనక బిల్డింగ్‌లో వేరే బ్యాకప్ సర్వర్ పెట్టండి. దానికి పెద్ద హార్డ్ డిస్కులు చాలు. గాదె నింపండి గానీ, ఇంకో ఇంట్లో నింపండి.

గాదె: అది... అది సరైన మాట. ఒప్పుకోక తప్పదు. కానీ హార్డ్ డిస్కులన్నావు కాబట్టి ఒక సంగతి. 20 టీబీ డిస్కు ఒకటి పోతే, సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆపకుండా రాసినా కొత్తది నిండటానికి 28 గంటలు. పని చేస్తూ రాస్తే రోజులు పడుతుంది. ఒక్క డిస్కు పోవడాన్ని తట్టుకునే ఏర్పాటు చాలదు, రెండు పోయినా నిలవాలి.

సంత: రెండుకే పెడదాం.

గాదె: వేగం మాట ఎత్తలేదు నువ్వు. 50 ఉంటే పని 50కి పంచుకుంటుంది.

సంత: ఎస్ఎస్‌డీలతో మన అడ్డంకి డిస్కు కాదు, నెట్‌వర్క్ తీగ. దాని గురించి తగువు దండగ.

గాదె: దండగే. డబ్బుకు రా. రేట్లు ఎప్పుడూ దిగుతాయన్న ధీమాతో మాట్లాడుతున్నావు నువ్వు. 2011లో థాయ్‌లాండ్‌కు వరదొచ్చింది. అక్కడి ఫ్యాక్టరీలు మునిగితే ఇక్కడ హార్డ్ డిస్కు ధర ఆకాశానికెళ్లింది, కొన్ని మోడళ్లు దొరకనే లేదు. ఇప్పుడు చూడు, ఏఐ డేటా సెంటర్లు ఎగబడి కొంటుంటే 2025 చివర్లో మెమరీ ధరలు ఎలా పెరిగాయో. వాన పడి సంత సాగకపోతే అన్నానే, అది ఇదే. ఇంకో చిక్కు, రెండేళ్ల తర్వాత ఇదే మోడల్ దొరకదు. దొరికింది 7.68 అవుతుంది. ఒక సర్వర్‌లో అవీ ఇవీ కలిస్తే పెద్దదాని మీదికి రెట్టింపు డేటా, రెట్టింపు పని పోతుంది.

సంత: ఐదు సర్వర్లకూ ఒక్కో పెద్దది సమానంగా పెడితే ఆ వంకర చాలావరకు సర్దుకుంటుంది. ధరల మీద మీతో వాదించను, రేపటి ధర ఎవరికీ తెలియదు. కానీ ఒకేసారి కొనడంలో మీరు చూడని ప్రమాదం ఒకటుంది. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ వాళ్లే ప్రకటించారు, కొన్ని మోడళ్ల ఎస్ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని. ఫర్మ్‌వేర్‌లో గంటలు లెక్కపెట్టే గడి పొంగిపోవడం వల్ల. మూడేళ్ల 270 రోజులు. డేటా కూడా తిరిగి రాదు. ఇప్పుడు మీ 50 డిస్కులూ ఒకే పెట్టెలో వచ్చి, ఒకే రోజు కరెంటెక్కాయనుకోండి. ఒకే గంటలో 50 పోతే మూడు ప్రతులెందుకు, ముప్పై ప్రతులున్నా ఏం లాభం? నా లెక్కన కొన్నవి వేర్వేరు వయసుల్లో ఉంటాయి. ఇంట్లో అందరూ ఒకే రోజు మంచాన పడరు.

గాదె: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే పోయేదానికి...

సంత: ట్రిమ్ పెడితే పోయేదానికి మీరు 20 డిస్కులు కొన్నారు.

గాదె: సరే, సరే. దెబ్బకు దెబ్బ. అయినా నీ మొదటి 30 కూడా ఒకే పెట్టెలో వస్తాయి కదా.

సంత: వస్తాయి. వాటిని రెండు కంపెనీలవి తీసుకోమంటా.

గాదె: అది నా 50కీ పనికొస్తుంది. రాసుకుంటా.

సంత: మీరొకటి రాసుకున్నారు, నేనొకటి రాసుకుంటా. 68 దగ్గర ఎర్ర గీత. 30 డిస్కుల లెక్కలో మనం ఇప్పుడు 42 శాతంలో ఉన్నాం. 60 దగ్గర ఇంకో గీత వేసి, అది తాకిన రోజు ఐదు డిస్కులకు ఇండెంట్ పెడదాం. 60 నుంచి 68 దాకా మూడు టీబీ, అంటే ఆరు నెలలు. ఆ ఐదూ వస్తే నాలుగు టీబీ పైన కలుస్తుంది, ఇంకో ఎనిమిది నెలలు నిశ్చింత. మీ గాదె ఐదేళ్లది, నాది ఆరు నెలలది. రెండూ గాదెలే, కొలత వేరు.

గాదె: ఆరు నెలలు ఎవరి కాలెండర్‌లో? కిందటి ఇండెంట్ ఎలా నడిచిందో చెప్తా విను. మనం రాశాం. ఫైనాన్స్ వాళ్లు మూడు కొటేషన్లు అడిగారు. మూడోవాడు రెండు వారాలకు పంపాడు. తక్కువ కోట్ చేసినవాడు వేరే డిస్కు రాశాడు, అది మనకు పనికిరాదని మళ్లీ ఉత్తరం. క్వార్టర్ ముగింపని ఫైలు పదిహేను రోజులు టేబుల్ మీద పడుకుంది. పీవో వెళ్లాక సప్లయర్ స్టాక్ లేదన్నాడు. మొత్తం నాలుగు నెలల చిల్లర. నేను 50 అడిగేది డిస్కుల మీద ప్రేమతో కాదు. ఆ ఫైలు వెనక ఐదేళ్లలో నాలుగుసార్లు తిరగలేక. ఒక్కసారి సంతకం పెట్టించుకుంటే అయిపోతుంది. దీన్ని నువ్వు ఇంజినీరింగ్ కాదంటావు. నా వయసుకు వచ్చాక అంటావో లేదో చూస్తా.

సంత: అనను. డిస్కు నిండే వేగానికీ ఫైలు కదిలే వేగానికీ మధ్య పందెం ఇది, అది నాకూ తెలుసు. అందుకే ఏడాది రేట్ కాంట్రాక్ట్ అడుగుదామంటున్నా. ధర ఒకసారి తేల్చుకుంటే, ఆ తర్వాత ఐదేసి డిస్కులకు కొటేషన్లక్కర్లేదు, ఒక మెయిల్ చాలు.

గాదె: సప్లయర్ ఒప్పుకుంటాడా, ధరలు ఇలా ఉన్నప్పుడు?

సంత: అడిగితే గానీ తెలియదు. ఒప్పుకోకపోతే మీ వైపు నాలుగడుగులు వేస్తా. 30 కాదు, 40. అప్పుడు భద్రంగా వాడుకోగలిగేది 34.8 టీబీ. మూడేళ్ల పైమాట. మీరు కూడా నాలుగడుగులు ఇటు వేయండి.

గాదె: నేను వేసేది వేస్తా గానీ, నీ ఆరు నెలల గాదెలో ఒక చిల్లు కనపడుతోంది. నెలకు అర టీబీ అన్న లెక్క మీదే కదా అదంతా? అది ఒక టీబీ అయితే 60 నుంచి 68 మూడు నెలల్లో దాటుతుంది. ఫైలుకు నాలుగు నెలలు.

సంత: ఒక్కసారిగా రెట్టింపు ఎందుకవుతుంది?

గాదె: రెండో సీటీ మెషీన్ తెస్తున్నారట, క్యాంటీన్‌లో విన్నా. పాతదానికన్నా సన్నటి ముక్కలుగా కోస్తుందట. ఒక్కో స్కాన్‌కు బొమ్మలు ఎన్ని రెట్లుంటాయో ఇంకా ఎవరూ చెప్పలేదు.

సంత: ఎప్పుడట?

గాదె: తెలియదు.

సంత: కొనేది మనవాళ్లే కదా. రేడియాలజీ వాళ్లు మనకు ముందే చెప్పరా?

గాదె: చెప్తారు. మొదటి మెషీన్‌కు చెప్పినట్టే, రిబ్బన్ కటింగ్ కార్డు పంపి.